జిమ్‌కి వెళ్లకుండా బలం పెంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను, ట్రైనర్నీ కాను. కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేసే మనిషిని. ముప్పై ఆరో ఏట ఒకరోజు నిండు గ్యాస్ బండ పక్కకు జరపబోతే నడుం పట్టేసింది. మూడు రోజులు మంచం దిగలేదు. బండ మాత్రం మా ఆవిడే జరిపింది. ఆ సిగ్గుతో మొదలుపెట్టిన కసరత్తు ఎనిమిదేళ్లుగా సాగుతోంది. మా అపార్ట్‌మెంట్ మెట్లు, డాబా, ఒక జత చెక్క రింగులు, పాత స్కూల్ బ్యాగు. నా జిమ్ ఇంతే. పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేయడానికి వచ్చే ఇరుగుపొరుగు, మా మేనల్లుడు, ఆఫీసు వాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

బరువులు ఎత్తకుండా నిజంగా బలం వస్తుందా?

వస్తుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి దగ్గర నుంచి ఎప్పుడైనా చూశారా? మోకు ఆసరాతో ఒంటిని పైకి లాక్కుంటూ పోతాడు. ఆ ముంజేతులు, ఆ వీపు ఏ డంబెల్‌తోనూ వచ్చినవి కావు. ఆయన ఎత్తేది తన ఒంటి బరువే.

అయితే ఒక మెలిక ఉంది. ఆయన పని ఎప్పటికీ తేలికవదు, చెట్టు పొట్టిదైపోదు కదా. మన ఇంటి కసరత్తు అలా కాదు. మొదటి నెల చుక్కలు చూపించిన 20 బస్కీలు మూడో నెలకి మంచినీళ్లు తాగినంత తేలికవుతాయి. అక్కడే ఆగిపోతే బలం కూడా అక్కడే ఆగిపోతుంది. "మూడేళ్లుగా రోజూ చేస్తున్నాను, ఏమీ తేడా లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. ఇంట్లో చేసినా జిమ్‌లో చేసినా, తేలికైన దాన్ని మళ్లీ కష్టంగా మార్చుకుంటూ పోవాలి. జిమ్‌లో అయితే ఇంకో ప్లేటు తగిలిస్తారు. ఇంట్లో ఏం చెయ్యాలన్నదే ఈ పేజీలో సగం.

రోజుకు 100 బస్కీలు తీస్తే సరిపోదా?

100 తీయగలుగుతున్నారంటే అవి మీకు తేలికైపోయాయని అర్థం. దమ్ము పెరుగుతుంది, చెమట పడుతుంది, మంచిదే. బలం పెరగాలంటే మాత్రం ఒక సెట్టులో, అంటే ఆపకుండా చేసే ఒక విడతలో, 5 నుంచి 15 సార్లకే కాళ్లు వణకాలి. 20, 30 దాకా వెళ్లినా కండ పెరుగుతుంది, కాకపోతే చివరి రెండు మూడు నిజంగా కష్టంగా ఉండాలి. "ఇంకొక్కటో రెండో తీయగలను, అంతకుమించి నా వల్ల కాదు" అన్నచోట ఆపడం సరైన లెక్క. అసలు కదల్లేనంత దాకా ప్రతిసారీ లాగనక్కర్లేదు.

పాతకాలం పహిల్వాన్లు వేల బస్కీలు తీసేవాళ్లని చెబుతారు. తీసేవాళ్లేమో, కానీ వాళ్లు తాలింఖానాలో, అంటే కుస్తీ గోదాలో, అంతటితో ఆగలేదు. గద తిప్పేవాళ్లు, తమంత బరువున్న మనిషిని మట్టిలో ఎత్తి పడేసేవాళ్లు. వీరఘట్టం నుంచి వచ్చి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని ఊపిరి బిగించి తెంచేవారు, గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ముందు ఫొటో దిగి వచ్చి బస్కీల లెక్క పెంచుకుంటూ పోయేవాళ్లున్నారు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది లెక్క కాదు, ఎప్పటికప్పుడు పెద్ద బరువుకి సిద్ధపడటం.

దండాలు, పుషప్స్ ఒకటేనా?

కాదు. పుషప్‌లో ఒళ్లు కర్రలా తిన్నగా ఉండి కిందకి దిగి పైకి లేస్తుంది. దండంలో నడుం పైకెత్తి మొదలుపెట్టి, ఛాతీని నేలకు రాసుకుంటున్నట్టుగా ముందుకు జార్చి, తల పైకెత్తి, మళ్లీ వెనక్కి వస్తాం. దండం భుజాలను, వెన్నును బాగా వదులు చేస్తుంది. పుషప్‌ని మెట్టు మెట్టుగా కష్టం చేసుకోవడం సులువు. నేను ఒళ్లు వేడెక్కడానికి పది దండాలు తీసి, అసలు పనికి పుషప్స్ వాడతాను.

నాకు ఒక్క పుషప్ కూడా రావట్లేదు. మోకాళ్ల మీద చెయ్యాలా?

చెయ్యొచ్చు, తప్పేం లేదు. కానీ మీ ఇంటికి మెట్లుంటే మోకాళ్ల సంగతి మర్చిపోండి. నేను నేర్చుకున్నది మెట్ల మీదే.

మా మెట్లు ఒక్కొక్కటి సుమారు ఆరంగుళాల ఎత్తు. మెట్ల ముందు నేల మీద నిలబడి, చేతులు నాలుగో మెట్టు అంచు మీద పెట్టి, ఒళ్లు తిన్నగా చేసి పుషప్ తీస్తే చేతుల మీద పడేది ఒంటి బరువులో 41 శాతం దాకా. రెండో మెట్టు మీద పెడితే 55 శాతం. నేల మీదకి వస్తే 64. ఇప్పుడు తిరగేసి, చేతులు నేల మీద, కాళ్లు రెండో మెట్టు మీద పెడితే 70, కాళ్లు నాలుగో మెట్టు మీదైతే 74. అంటే 70 కిలోల మనిషికి నాలుగో మెట్టు మీద 29 కిలోలు, రెండో మెట్టు మీద 38, నేల మీద 45, కాళ్లు పైకెక్కించాక 49 నుంచి 52. జిమ్‌లో కడ్డీకి ప్లేట్లు తగిలించడానికీ దీనికీ తేడా ఏముంది? పైగా మెట్లు ముందే వరసగా పేర్చి ఉన్నాయి.

నేను మొదలుపెట్టింది ఐదో మెట్టు మీద. గ్రానైట్ అంచు అరచేతిని కోస్తుంటే పాత తువ్వాలు మడతపెట్టి వేసుకునేవాణ్ణి. ఒక మెట్టు మీద 10 చొప్పున మూడు సెట్లు వస్తే తర్వాతి వారం ఒక మెట్టు కిందకి. మూడో మెట్టు దగ్గర నాలుగు వారాలు ఇరుక్కుపోయాను. రోజూ పొద్దున పాలప్యాకెట్లు వేసే కుర్రాడు "ఇంకా అక్కడే ఉన్నారేంటి సార్" అని వెళ్లేవాడు. నేల మీదకి దిగడానికి నాకు మూడున్నర నెలలు పట్టింది.

మోకాళ్ల మీద చేస్తే సుమారు 49 శాతం బరువు పడుతుంది. అక్కడి నుంచి 64కి ఒక్కసారిగా దూకాలి, మధ్యలో మెట్టు లేదు. పైగా మోకాళ్లు ఆనించగానే పొట్ట, పిరుదులు బిగించే పని తగ్గిపోతుంది. అసలు పుషప్‌లో చాలామందికి ముందు లొంగిపోయేది చేతులు కాదు, నడుమే. మెట్లు లేకపోతే గోడతో మొదలుపెట్టి వంటింటి గట్టు, తర్వాత మంచం అంచు, తర్వాత నేల.

మోచేతులు రెండు పక్కలకీ రెక్కల్లా చాపకండి, భుజాలు నొప్పెడతాయి. ఒంటికి 45 డిగ్రీల్లో, బాణం ములుకు ఆకారంలో ఉంచండి.

నేల మీద 25 వచ్చేశాయి. ఇప్పుడేంటి?

ముందు మీ పుషప్‌ని ఫోన్‌లో వీడియో తీసి చూడండి. ఛాతీ నేలకి బెత్తెడు దూరంలో ఆగిపోతుంటే 25 కాదు, సగం లెక్క. నాకూ ఈ అవమానం జరిగింది.

నిజంగానే 25 అయితే దారులు చాలా ఉన్నాయి. కాళ్లు మెట్టు మీదకి ఎక్కించండి. దిగేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ దిగి, కింద ఒక క్షణం ఆగండి. చేతుల కింద రెండు ఇటుకలు పెట్టి ఇంకా లోతుకి దిగండి. స్కూల్ బ్యాగులో పుస్తకాలో, ఐదు కిలోల బియ్యం ప్యాకెట్టో వేసి వీపుకి బిగించండి. బరువంతా ఒక చేతి వైపు వేసి రెండో చేతిని పక్కకు చాపితే ఇంకో లోకం. ఒంటిచేత్తో పుషప్ తీయడం చూడ్డానికి బాగుంటుంది గానీ దానికోసం ప్రాణం పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. మణికట్టు, భుజం దాన్ని అంత తేలిగ్గా క్షమించవు.

వీపుకి ఏం చెయ్యాలి? పుల్ అప్ ఒక్కటి కూడా రాదు.

ఇంటి కసరత్తులో అసలైన లోటు ఇదే. నెట్టే పనికి నేల చాలు. లాగే పనికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అందుకే చాలామంది పుషప్స్, బస్కీలు మాత్రమే చేస్తూ పోతారు. ఛాతీ బిగుసుకుని, భుజాలు ముందుకు వంగిపోతాయి. రోజంతా కీబోర్డు ముందు ఎలాగూ వంగే ఉంటాం. నా సలహా, ఎన్ని నెడితే అన్ని లాగండి.

రూపాయి ఖర్చు లేని పద్ధతి దుప్పటి. గట్టి దుప్పటి చివర పెద్ద ముడి వేసి, ముడిని తలుపు పై అంచుకి అవతల వైపు పడేలా వేసి తలుపు మూసి గడియ పెట్టండి. మీరు నిలబడాల్సింది తలుపుని నెడితే తెరుచుకునే వైపు. అప్పుడు మీరు లాగినకొద్దీ తలుపు చట్రానికి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. రెండో వైపు నిలబడితే గడియ ఊడి తలుపు వచ్చి మొహానికి తగులుతుంది. దుప్పటి రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి, ఛాతీని చేతుల దగ్గరికి లాక్కోండి. కాళ్లు తలుపుకి దగ్గరగా జరిపినకొద్దీ కష్టం పెరుగుతుంది. ఇదీ మెట్ల లెక్కే.

పుల్ అప్‌కి, అంటే కడ్డీకి వేలాడి గడ్డం దాని పైకొచ్చేదాకా ఒంటిని లాక్కోవడానికి, దారి వేరు. మొదటి రెండు వారాలు కడ్డీ పట్టుకుని ఊరికే వేలాడండి. 30 సెకన్లు వేలాడలేని చేతులకి పుల్ అప్ ఊసెందుకు? తర్వాత స్టూలు ఎక్కి గడ్డం కడ్డీ పైకి వచ్చేలా నిలబడి, కాళ్లు వదిలేసి, ఐదు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కిందకి దిగండి. ఎక్కడం రాకపోయినా దిగడం వస్తుంది, ఎందుకంటే కండ ఎత్తగలిగినదానికంటే ఎక్కువ బరువుని ఆపగలదు. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగైదు సార్లు. ఐదు సెకన్లు పది సెకన్లయ్యాక ఒక ఉదయం ఉన్నట్టుండి పైకి వెళ్తారు. అరచేతులు మీ వైపు తిప్పుకుంటే కాస్త సులువు, మొదటిది అలాగే రానివ్వండి. నాకు ఐదు నెలలు పట్టింది. ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అక్కడ బీమ్ (కడ్డీ) మీద 10 పుల్ అప్స్ తీస్తే 40 మార్కులు. నెలరోజుల ముందు మొదలుపెడితే కుదరదు.

తలుపు చట్రానికి బిగించే కడ్డీ కొనొచ్చా?

కొన్నాను. చెబుతాను వినండి. రెండు చివర్లా రబ్బరు బిళ్లలుండి, తిప్పితే పొడవు పెరిగి చట్రానికి బిగుసుకునే రకం. డబ్బా మీద 150 కిలోలు మోస్తుందని రాసుంది. మూడు వారాలు మోసింది. నాలుగో వారం ఐదో పుల్ అప్‌లో ఎడమవైపు బిళ్ల జారింది. నేను కూర్చున్న భంగిమలో గచ్చు మీద పడ్డాను, కడ్డీ వచ్చి మోకాలి మీద. మా హాలు తలుపు చట్రానికి ఆ గీత ఇప్పటికీ ఉంది. నునుపుగా పెయింట్ వేసిన చట్రం మీద రాపిడి మాత్రమే దాన్ని ఆపుతుంది. కొన్నాక కూడా, కడ్డీ చివర్లు కూర్చునేలా చట్రానికి చిన్న ఇనుప గిన్నెలు స్క్రూలతో బిగించకుండా వేలాడకండి. గోడకి బోల్టులతో బిగించేది ఇంకా నయం. అన్నిటికంటే నయం బయటికెళ్లడం. పార్కుల్లోని ఓపెన్ జిమ్‌లలో, స్కూల్ గ్రౌండ్లలో కడ్డీలు ఊరికే ఉన్నాయి. మా ఊళ్లో అయితే మామిడికొమ్మ.

ఏమైనా కొనాలంటే ఏం కొనాలి?

ఒక జత చెక్క రింగులు, పట్టీలతో సహా. దూలానికో కొమ్మకో వేలాడదీస్తే లాగడం, నెట్టడం రెండూ అయిపోతాయి, ఎత్తు మార్చుకోవచ్చు. రెండోది పొడవాటి రబ్బరు బ్యాండు. మూడోది ఏదీ లేదు. పొట్ట తగ్గించే చక్రాలు, చేతిలో నొక్కే స్ప్రింగులు ఇవన్నీ మా అటక మీద ఉన్నాయి, కావాలంటే పట్టుకెళ్లండి.

బరువులు ఇంట్లో ఎలాగూ ఉంటాయి. నీళ్ల టిన్ను 20 లీటర్లు, అంటే 20 కిలోల పైమాటే. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండ ఇనుము బరువు పైన పట్టీ మీద రాసుంటుంది, నిండుది మొత్తం 30 దగ్గరికి వస్తుంది. బియ్యం బస్తా ఒకప్పుడు 25 కిలోలు. 2022లో 25 కిలోల దాకా ప్యాకెట్లకి జీఎస్టీ వేశాక మిల్లర్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. ఆ కిలో మన కసరత్తుకి లాభం. బస్తాని గుండెలకి హత్తుకుని హాల్లో అటూ ఇటూ నాలుగు చుట్లు తిరగండి. నడుం, పొట్ట, చేతులు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి.

కాళ్లకి బస్కీలు చాలా?

మొదటి రెండు నెలలు చాలు. కింద కూర్చుని లేచే అలవాటున్న మనకి లోతుగా దిగడం పెద్ద సమస్య కాదు. దాన్ని పోగొట్టుకోకండి. 30 బస్కీలు తేలికయ్యాక రెండు కాళ్ల పనిని ఒక కాలికి అప్పగించండి. వెనక కాలి పాదాన్ని కుర్చీ మీద ఆనించి, ముందు కాలి మీద దిగి లేవాలి. మొదటిసారి చేసినప్పుడు ఎనిమిదికే నాకు గోడ కావాల్సి వచ్చింది. అప్పటికి నేను రెండు కాళ్లతో 60 తీస్తున్నాను. అదీ తేలికైతే బ్యాగు తగిలించుకోండి.

తొడ వెనక భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది గాల్లో పెట్టి, నడుం పైకెత్తండి. పిక్కలకి మెట్టు అంచు మీద ఒంటికాలితో మడమ కిందకి దింపి పైకి లేపడం. నేల మీది బరువు ఎత్తేటప్పుడు వీపు వంచకుండా పిరుదులు వెనక్కి నెట్టి ఎత్తడం కూడా ఇక్కడే నేర్చుకోండి. ఖాళీ బండతో మొదలుపెట్టండి. నా నడుం కథ మొదలైంది అక్కడే కదా.

వారానికి ఎన్ని రోజులు? ఎంతసేపు?

మూడు రోజులు. సోమ, బుధ, శుక్ర. ఒక నెట్టేది, ఒక లాగేది, ఒక కాళ్లది, ఒక పొట్టది. ఒక్కోటి మూడు సెట్లు. 40 నిమిషాల్లో అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే కనీసం కూడా వారానికి రెండు రోజులు కండ బలానికి పని చెప్పమనే. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు నిమిషాలు కూర్చోండి. ఆయాసం కోసం చేస్తున్న పని కాదిది, తొందరపడితే రెండో సెట్టు పాడవుతుంది. మధ్య రోజుల్లో నడవండి.

మర్నాడు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఆపేయాలా?

కొత్తలో మామూలే. రెండో రోజు ఎక్కువుంటుంది, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. మెల్లగా నడిస్తే కాస్త హాయిగా ఉంటుంది. నొప్పి ఎంత ఎక్కువుంటే లాభం అంత ఎక్కువ అనుకోకండి, రెండింటికీ లంకె లేదు.

ఒక్క ప్రమాదం మాత్రం తెలిసి ఉండాలి. అలవాటు లేని మనిషి పందెం కట్టి మొదటిరోజే రెండు మూడు వందల బస్కీలు తీస్తే కండ లోపల విపరీతంగా దెబ్బతిని, దాని లోపలి పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. తొడలు వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఇంట్లో నొప్పి మాత్ర వేసుకుని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. స్కూల్లో వందల గుంజీలు తీయించే మాస్టార్లు కూడా ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు.

కీలులో సూది గుచ్చినట్టు నొప్పి, తిమ్మిరి, ఛాతీలో బరువు ఉంటే ఆపి డాక్టర్ని కలవండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకండి, లేచేటప్పుడు వదలండి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడిగి మొదలుపెట్టి, జేబులో కాస్త గ్లూకోజ్ ఉంచుకోండి.

మణికట్లు నొప్పెడుతున్నాయి.

పిడికిలి బిగించి, కింద మెత్తటి గుడ్డ వేసుకుని చెయ్యండి. లేదా రెండు డంబెల్స్‌నో పుషప్ హ్యాండిల్స్‌నో పట్టుకోండి. మణికట్టు వెనక్కి వంగదు, నొప్పి తగ్గుతుంది.

తిండి సంగతి? పప్పన్నం, పెరుగన్నంతో కండ వస్తుందా?

పప్పు ఎంత వేసుకుంటారన్నదాన్ని బట్టి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. బలం కోసం కసరత్తు చేసేవాళ్లు 1.2 నుంచి 1.6 దాకా వెళ్తే మంచిది. 60 కిలోల మనిషికి 70 నుంచి 95 గ్రాములు. కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాములున్న మాట నిజమే, కానీ మనం పల్చగా చేసుకునే పప్పు రెండు గరిటెల్లో ఉండే కందిపప్పు పాతిక ముప్పై గ్రాములే. అంటే ప్రోటీన్ ఐదారు గ్రాములు. మిగతాదంతా నీళ్లు, పోపు, మన నమ్మకం.

కాబట్టి అన్నం తగ్గించక్కర్లేదు, పక్కన ఉండాల్సినవి పెంచాలి. గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో 6 నుంచి 7. రెండు పెసరట్లకి 50 గ్రాముల పెసలు పడితే 12. సాయంత్రం శనగ గుగ్గిళ్లు గుప్పెడు. శాకాహారులకి అందరికంటే చవగ్గా దొరికేది మీల్ మేకర్, ఎండువి 50 గ్రాములు నానబెడితే 25 గ్రాముల దాకా వస్తుంది. మా ఇంట్లో మీల్ మేకర్ కూర అంటే మొహం మాడ్చేవాళ్లు. కీమాలా చిదిమి అల్లం వెల్లుల్లి గట్టిగా వేశాక ఇప్పుడు ఆ గొడవ లేదు. కోడి, చేప తినేవాళ్లకి ఇంత లెక్క అక్కర్లేదు, ఆదివారం ఒక్కరోజే కాకుండా వారంలో నాలుగు రోజులకి పంచుకుంటే చాలు.

ప్రోటీన్ పొడి మందు కాదు, చాలావరకు పాలు విరిగాక మిగిలే తేట నుంచి తీసిన తిండే. తిండితో సరిపోతే అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టర్ చెప్పినట్టు తినాలి.

ఆడవాళ్లు చేస్తే మగవాళ్లలా కండలు వచ్చేస్తాయా?

మగవాళ్లకే ఏళ్ల తరబడి చేసినా అంత తేలిగ్గా రావడం లేదు తల్లీ. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను చాలా తక్కువ, అలా వచ్చే వీలు లేదు. వచ్చేది గట్టి ఎముక, నొప్పి లేని నడుం, నీళ్ల టిన్ను మార్చడానికి ఎవరికోసమూ ఎదురుచూడని చేతులు. ఆడవాళ్లకి వేరే కసరత్తు కూడా ఏమీ లేదు, అవే మెట్లు. కాన్పు అయినవాళ్లు, ముఖ్యంగా ఆపరేషన్ అయినవాళ్లు, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి.

మా నాన్నగారికి 70 దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ఆయనకే ఎక్కువ అవసరం. ముప్పై నలభై ఏళ్ల వయసు నుంచే కండ మెల్లగా కరుగుతూ వస్తుంది, అరవై దాటాక వేగం పెరుగుతుంది. పెద్దవాళ్లు బాత్రూంలో పడిపోవడం వెనక చాలాసార్లు కాళ్లలో బలం లేకపోవడమే ఉంటుంది.

కుర్చీతో మొదలుపెట్టండి. గోడకి ఆనించిన, చేతుల్లేని కుర్చీ. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం ఆ వయసుకి తగ్గిందని లెక్క, పడిపోయే ప్రమాదం ఎక్కువ. మా నాన్నగారు మొదటిసారి 8 దగ్గర ఆగి, కుర్చీ బాగోలేదన్నారు. వేరే కుర్చీ తెచ్చినా ఎనిమిదే. రోజు విడిచి రోజు, 5 చొప్పున మూడుసార్లు, గోడ మీద పుషప్స్ 10. నాలుగు నెలలకి 13. ఇప్పుడు పేపర్ చదవడానికి ఆ మొదటి కుర్చీలోనే కూర్చుంటారు. గుండె జబ్బు, మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే ముందు డాక్టర్ని అడగాలి, పక్కన ఒకరు నిలబడాలి.

పొట్ట తగ్గుతుందా?

పొట్ట కసరత్తుతో పొట్ట మీది కొవ్వు తగ్గదు. తిండి తగ్గితే ఒళ్లంతా తగ్గుతుంది, దాంతోపాటు అదీను. ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఆపి ఉంచడం, చేసేది నడుం కోసం. రెండు నిమిషాలు కదలకుండా ఉండగలిగితే ఇక సమయం పెంచకండి, ఒక చెయ్యో కాలో ఎత్తి కష్టం చెయ్యండి.

సూర్య నమస్కారాలు చేస్తున్నాను. ఇవన్నీ కూడా కావాలా?

మానకండి. ఒళ్లు వదులవుతుంది, భుజాలకీ చేతులకీ కొంత బలం కూడా వస్తుంది. కాకపోతే 12 నుంచి 108కి వెళ్లినా కష్టం పెరగదు, లెక్కే పెరుగుతుంది. పైగా లాగే పని అందులో బొత్తిగా లేదు. దుప్పటి, ఒంటికాలి బస్కీలు దానికి జతచేయండి.

మొదలుపెట్టిన ప్రతిసారీ మూడో వారానికి ఆగిపోతున్నాను.

ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట ఊరికే పుట్టలేదు. మొదటివారం ఆరు రోజులు గంటన్నర చేసేవాళ్లే ఎక్కువగా ఆగిపోతారు. మొదటి నెల 20 నిమిషాలే చెయ్యండి, ఇంకా చెయ్యాలనిపించేటప్పుడే ఆపేయండి. పెళ్లిళ్లు, ప్రయాణాలు, జ్వరాలు వస్తాయి. రెండు వారాలు మానేసినా బలం పెద్దగా పోదు, ఒక మెట్టు పైనుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకోటి, రాసుకోండి. నా దగ్గర పాలవాడి లెక్క రాసే చిన్న పుస్తకం ఉంది. ఒక పక్క పాలు, ఇంకో పక్క "3వ మెట్టు, 9, 8, 6". రాయకపోతే పోయినవారం ఎన్ని తీశామో గుర్తుండదు, గుర్తులేనిదాన్ని పెంచలేం.

కింది ఫ్లాట్ వాళ్లు చప్పుడని గొడవ చేస్తున్నారు.

గెంతుతున్నారా? మానేయండి, బలానికి గెంతులు అక్కర్లేదు. గెంతకపోయినా చప్పుడు వస్తోందంటే దిగేటప్పుడు ఒంటిని వదిలేస్తున్నారన్నమాట. మూడు లెక్కపెడుతూ దిగండి. వాళ్ల ఫ్యాను ఊగదు, మీకు అదే కసరత్తు రెట్టింపు కష్టమవుతుంది. బండ మాత్రం ఈడ్చకుండా ఎత్తి పెట్టండి.